కుట్టు మిషను నుంచి యోగా హాలుకి: నా ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు ఏమిటంటే

విశాఖలో మాది చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, పిల్లల గౌన్లు, ఫాల్, పీకో అన్నీ చేస్తాం. ఇరవయ్యేళ్లకు పైగా మిషను మీద వంగి పని చేశాక నా మెడ మొరాయించింది. కుడి భుజం నుంచి మోచేతి దాకా లాగేస్తోంది. రాత్రి కుడివైపు తిరిగి పడుకోలేను. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి ఎముకలో పెద్ద తేడా ఏమీ లేదన్నారు. కండరాలు బిగుసుకుపోయాయి, వ్యాయామం తప్పదు అన్నారు.

అందుకని ఈ డైరీలో రెండు పనులు పక్కపక్కనే నడుస్తాయి. యోగా స్టూడియోలో క్లాసుకు వెళ్లి మెడ, భుజాలు దారిలో పెట్టుకోవడం ఒకటి. అక్కడ వాడే బెల్టు, చెక్క ఇటుక, బోల్‌స్టర్ (పొడుగు దిండు) లాంటి సామాను ఇంట్లో నా చేత్తో తయారుచేసుకోవడం రెండోది. కొనుక్కోవచ్చు, కానీ గుడ్డ, దారం, కొలత నా పని. నేను కుట్టగలిగింది బయట కొనడం నాకు ఇష్టం ఉండదు. రథసప్తమి నాటికి ఎంతవరకు వస్తుందో చూద్దామని మొదలుపెట్టాను.

యోగా మీద మనసు పడింది 2025 జూన్ 21న. ఆ ఏడాది అంతర్జాతీయ యోగా దినోత్సవం మన విశాఖలోనే జరిగింది. ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడవునా జనాన్ని కంపార్ట్‌మెంట్లుగా కూర్చోబెట్టారు. ప్రధాని వచ్చారు. 3 లక్షల మందికి పైగా చేశారని లెక్క. మా వీధి ఆడవాళ్లతో కలిసి నేనూ వెళ్లాను. ఏటా ఆ రోజు చేయించే 45 నిమిషాల వరసలో మొదట్లోనే మెడ తిప్పడం ఉంటుంది. ఎడమవైపు తిప్పితే సముద్రం కనిపించింది. కుడివైపు తిప్పితే పక్కావిడ చెవి దగ్గరే ఆగిపోయింది. అంత జనంలో నా మెడ ఎందాకా తిరుగుతోందో చూసే మనిషి ఉండే వీలు లేదు. అంత పెద్ద సభ చేసే పని వేరు. జనాన్ని యోగా వైపు తిప్పడం దాని పని. నన్నూ అదే తిప్పింది.

ఆషాఢం: చేరాను

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, షాపులో ఊపిరి పీల్చుకునే సమయం అదే. తెలిసినావిడ చెబితే మూడో అంతస్తులో ఉన్న ఒక హాలుకి వెళ్లాను. చెప్పులు మెట్ల దగ్గరే వదలాలి. లోపల సోఫాలు, పోస్టర్లు ఏమీ లేవు. నున్నటి నేల మీద వరసగా మ్యాట్లు. ఒక గోడకు ఇనప కొక్కేలు, వాటికి తెల్లటి తాళ్లు. ఇంకో గోడకు పెద్ద అలమర, అందులో చెక్క ఇటుకలు, బెల్టులు, మడతపెట్టిన దుప్పట్లు, గుండ్రటి పొడుగు దిండ్లు. మూలన వీపు రేకు తీసేసిన మడత కుర్చీలు. అద్దాలు మాత్రం ఎక్కడా లేవు. అద్దం ఉంటే కళ్లు అక్కడికే పోతాయి, ఒళ్లు చెప్పేది వినబుద్ధి కాదు అంటారు క్లాసు చెప్పే మేడమ్.

ఇది పుణేలో బి.కె.ఎస్. అయ్యంగార్ గారు తీర్చిదిద్దిన పద్ధతి. ఆయన 1918లో కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టారు. చిన్నప్పుడు జబ్బుల మీద జబ్బులతో పీలగా ఉండేవారట. మైసూరు ప్యాలెస్ యోగశాలలో నేర్పిన తిరుమలై కృష్ణమాచార్య గారు ఆయనకు బావగారు, గురువు కూడా. 1975లో పుణేలో ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, 2014లో పోయారు. ఒళ్లు వంగనివాళ్లు, పెద్దవాళ్లు, నొప్పులున్నవాళ్లు కూడా ఆసనం సరిగ్గా చేయగలగాలని ఇటుకలు, బెల్టులు, కుర్చీలు, తాళ్లు వాడకంలోకి తెచ్చారు. ఇవి వినగానే నాకు ఈ పద్ధతి మీద గురి కుదిరింది. మనిషికి తగ్గట్టు బట్ట కుట్టాలి గాని బట్టకు తగ్గట్టు మనిషిని కత్తిరించలేం కదా.

ఫారంలో బీపీ, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), పాత ఆపరేషన్లు, వెన్ను దెబ్బలు అన్నీ అడిగారు. ఎందుకంటే తల కిందికి ఉండే ఆసనాలు బీపీ, గ్లాకోమా ఉన్నవాళ్లు చేయకూడదు. భోంచేశాక మూడు నాలుగు గంటలు ఆగాలి. నెలసరి రోజుల్లో ఏం చేయాలో ముందే చెప్పేశారు: "ఎవరికీ వివరాలు చెప్పక్కర్లేదమ్మా. వచ్చి అలమర దగ్గర నుంచి బోల్‌స్టర్ తీసుకో, నాకు అర్థమైపోతుంది." ఆ రోజుల్లో తలకిందుల ఆసనాలు మానేసి బోల్‌స్టర్ మీద వెల్లకిలా పడుకుని పాదాలు కలిపి ఉంచే సుప్త బద్ధకోణాసనం లాంటివి చేయిస్తారు. మగవాళ్లు కూడా ఉన్న బ్యాచిలో ఇంత సులువుగా ఏర్పాటు చేసినందుకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

ఫీజు నెలకు నాలుగు లైనింగ్ జాకెట్ల కుట్టుకూలి. సాయంత్రం కస్టమర్లు వస్తారు కాబట్టి పొద్దున్న 6 గంటల బ్యాచిలో చేరాను.

మొదటి వారాలు: నిలబడటం

మొదటి క్లాసులో ఎక్కువసేపు నిలబడటమే. తాడాసనం. రెండు పాదాల మీద బరువు సమానంగా ఉందా, మడమ లోపలి అంచు, బయటి అంచు నేలను తాకుతున్నాయా, మోకాలి చిప్పలు పైకి లాగి ఉన్నాయా అని ఒక్కొక్కటీ చెబుతూ మేడమ్ మా మధ్య తిరుగుతారు. నా వెనక్కి వచ్చి ఆగారు. రెండు వేళ్లు కుడి భుజం మీద పెట్టారు.

"ఇది పైకి ఉంది, ముందుకి కూడా వచ్చేసింది. ఏం పని చేస్తావమ్మా?"

"టైలర్నండి."

"మరి అందరి భుజాలూ చూస్తావు కదా."

చూస్తాను. రెండు భుజాలు ఒక్క వాలులో ఉన్న మనిషి నాకు అరుదుగా తగులుతుంది. కుడి భుజం వాలిన వాళ్లకి ఆ వైపు భుజం కుట్టు పావు అంగుళం దింపి కుడతాం, లేకపోతే మెడ దగ్గర ముడత వస్తుంది. ఊళ్లో వాళ్ల భుజాలన్నీ నా కొలతల పుస్తకంలో ఉన్నాయి, నావి మాత్రం లేవు. భుజం కొలత ఎవరిది వాళ్లు తీసుకోలేరు. టేపు పట్టుకోవడానికి చెయ్యి ఎత్తగానే భుజం లేచిపోతుంది, కొలత మారిపోతుంది. వేరే మనిషి వెనక నిలబడి తీయాల్సిందే. ఫోనులో వీడియోలు చూసి చేసుకోవచ్చు కదా, క్లాసు ఫీజు ఎందుకు అని మా ఆయన అడిగితే నేను చెప్పిన జవాబు ఇదే. వీడియోలో ఆవిడ నన్ను చూడదు.

క్లాసు ఎలా నడుస్తుందో రాసి పెడుతున్నాను, కొత్తగా చేరేవాళ్లకి టెన్షన్ తగ్గుతుంది. మొదట పతంజలి ప్రార్థన. తర్వాత మేడమ్ తాను చేసి చూపిస్తారు, మేం చుట్టూ నిలబడి చూస్తాం. అప్పుడు మా మ్యాట్ల మీదకు వెళ్లి చేస్తాం. పొరపాటు అందరిలో ఒకేలా ఉంటే ఆపి, ఒకరిని పిలిచి, మళ్లీ చూపిస్తారు. నెలలో మొదటి వారం నిలబడి చేసేవి, తర్వాత ముందుకు వంగేవి, ఆ తర్వాత వెనక్కు వంగేవి, చివరి వారం ప్రాణాయామం, విశ్రాంతి ఆసనాలు. ఇలా తిరుగుతూ ఉంటుంది. ఏ క్లాసైనా చివర శవాసనం తప్పదు. విశాఖ ఉక్కకి అప్పటికి బట్టలు ఒంటికి అతుక్కుపోయి ఉంటాయి. మ్యాటు గురించి ఒక్క మాట: మెత్తగా ఉంటుందని మందపాటి ఫోమ్ మ్యాటు కొనకండి. నిలబడితే పాదం అందులోకి దిగి ఊగుతుంది. 4 మిల్లీమీటర్ల మందం, కాలు అంటుకునే రకం చాలు.

మొదటి కొలత కూడా ఇక్కడే రాశాను. గోముఖాసనంలో ఒక చెయ్యి పైనుంచి, ఒక చెయ్యి కింద నుంచి వీపు వెనక కలపాలి. కలవని వాళ్లకి బెల్టు ఇస్తారు, రెండు చేతులతో దాన్నే పట్టుకోవాలి. రెండు చేతుల మధ్య ఎంత ఎడం ఉందో మా అమ్మాయి చేత టేపుతో కొలిపించాను. ఎడమ చెయ్యి కింద ఉన్నప్పుడు 7 అంగుళాలు. కుడి చెయ్యి కింద ఉన్నప్పుడు 12.

శ్రావణం: బెల్టు

వరలక్ష్మీ వ్రతం ముందు వారాల్లో షాపులో నిలబడటానికి చోటుండదు. క్లాసుకు వెళ్లలేని రోజుల కోసం ఇంట్లో కనీసం బెల్టు ఉండాలని ముందు దాని పని పట్టాను.

స్టూడియో బెల్టు నూలుది, అంగుళంన్నర వెడల్పు, చివర రెండు ఇనప రింగులు. చేత్తో పట్టుకోగానే తెలిసిపోయింది, ఇది మన నవారే. మంచాలకు అల్లే నవారు ఇప్పుడు పట్నంలో ఎక్కువ దొరకదు గాని పూర్ణా మార్కెట్‌లో దొరికింది. సన్న రకం తీసుకున్నాను. ముందు నీళ్లలో నానబెట్టి ఆరేశాను, నూలు కాబట్టి కుంగేదేదో అప్పుడే కుంగిపోతుంది. 8 అడుగులు ఉంచి కత్తిరించాను. పొట్టి బెల్టుతో పడుకుని కాలు ఎత్తితే చేతులు సాగదీయాల్సి వస్తుంది, భుజాలు నేల మీద నుంచి లేచిపోతాయి. పొడుగు ఉంటే చుట్టుకోవచ్చు.

రింగులు బ్యాగులు బాగుచేసే షాపులో తీసుకున్నాను. రెండు రింగుల్లోంచి నవారు దూర్చి, రెండంగుళాలు వెనక్కి మడిచి, చదరంగా కుట్టి, ఆ చదరంలో మూల నుంచి మూలకు అడ్డంగా రెండు కుట్లు వేశాను. లాగుడు పడే చోట ఈ కుట్టే ఆగుతుంది. మామూలు సూది విరుగుతుంది. 18 నంబరు సూది పెట్టి, మిషను చక్రం చేత్తో తిప్పుతూ కుట్టాలి. రెండో చివర మడిచి కుడితే రింగుల్లో దూరదు, అందుకని మడవకుండా జిగ్‌జాగ్ మాత్రం కొట్టాను.

క్లాసుకు తీసుకెళ్లి చూపించాను. మేడమ్ రింగుల దగ్గర పట్టుకుని తన బరువంతా వేసి లాగారు. ఏమీ అనకుండా తన అలమరలో చిరుగుపట్టిన నాలుగు బెల్టులు తీసి నా చేతిలో పెట్టారు. "ఇవి కూడా చూడమ్మా."

భాద్రపదం: చెక్క ఇటుక

కాళ్లు ఎడంగా పెట్టి పక్కకు వంగే త్రికోణాసనం ఫోటోల్లో చూస్తే కింది చెయ్యి నేలకు తగిలించడమే అందులో గొప్ప అనిపిస్తుంది. క్లాసులో మేడమ్ ఆ చేతిని నేలకు పెట్టనివ్వలేదు. కుడి కాలి మడమ బయట చెక్క ఇటుకను నిలువుగా నిలబెట్టి, దాని మీద అరచెయ్యి పెట్టమన్నారు. పెట్టగానే ఛాతీ నేల వైపు కాకుండా గోడ వైపు తిరిగింది. పక్కటెముకలు విచ్చుకున్నాయి, ఊపిరి వీపులోకి వెళ్లడం తెలిసింది. ఇటుక తీసేసి చెయ్యి కిందికి దింపమన్నారు. వెంటనే తుంటి వెనక్కి పోయింది, ఛాతీ కిందికి వాలింది, మెడ బిగిసింది. మళ్లీ ఇటుక పెట్టారు. ఇలా రెండు రకాలూ చేయిస్తే గాని ఇటుక ఎందుకో ఒంటికి ఎక్కదు. నాకు ఈ క్లాసుల్లో అన్నిటికంటే నచ్చింది ఇలా పక్కపక్కన పెట్టి చూపించడమే.

ఇటుక కొలత 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 మందం. నిలబెడితే ఒక ఎత్తు, పక్కకు తిప్పితే ఇంకొకటి, పడుకోబెడితే మరొకటి. మా వీధిలో తలుపులు చేసే తమ్ముడిని అడిగాను. టేకు అయితే బరువు, ఖరీదు కూడా, మామిడి చెక్క చాలు అన్నాడు. ఒకే దుంగ నుంచి కోస్తే ఎండే కొద్దీ పగులుతుందట, అంగుళం పలకలు మూడు ఫెవికాల్‌తో అతికించి బిగించి ఇచ్చాడు. అంచులన్నీ గుండ్రంగా తీయించాను, నడుం కింద పెట్టినప్పుడు పదునైన అంచు గుచ్చుకుంటుంది. ఉప్పుకాగితంతో రుద్దే పని మాత్రం నేను చేశాను, ముందు గరుకుది, తర్వాత సన్నది. వార్నిష్ వద్దన్నాను. విశాఖలో చెమట పట్టని అరచెయ్యి ఉండదు, వార్నిష్ మీద జారిపోతుంది. ఒక్కో ఇటుక కిలో పైనే తూగింది. రెండు చేయించాను.

ముందుకు వంగే వారంలో ఇంకో సంగతి తెలిసింది. కాళ్లు చాపి కూర్చుంటే నా నడుం గూనిలా వెనక్కి పోతుంది. కారణం నడుంలో లేదు, తొడ వెనక కండరాల్లో ఉంది. అవి పిరుదుల కింద కూర్చునే ఎముకలకు అతుక్కుని ఉంటాయి. అవి పొట్టిగా బిగిసి ఉంటే కాళ్లు చాపగానే ఆ ఎముకలను ముందుకు గుంజుతాయి, కటి వెనక్కి ఒరుగుతుంది, దాంతో వెన్ను గుండ్రమవుతుంది. నడుం వంచడానికి ఎంత బలవంతం చేసినా లాభం లేదు. మడతపెట్టిన రెండు దుప్పట్లు వేసి వాటి అంచు మీద కూర్చోబెట్టారు, వెన్ను దానంతట అదే నిలబడింది. ఇంట్లో దీనికి కొత్తగా ఏమీ కొనలేదు, పాత సోలాపూర్ దుప్పట్లు చక్కగా పనికొచ్చాయి. మందంగా, గట్టిగా ఉంటాయి, మడత నిలుస్తుంది.

గోముఖాసనం టేపు: ఎడమ చెయ్యి కింద ఉంటే 6 అంగుళాలు, కుడి చెయ్యి కింద ఉంటే 10.

దసరా వెళ్లాక: బోల్‌స్టర్

ఇది ఈ ప్రాజెక్టులో పెద్ద పని. బోల్‌స్టర్ అంటే గుండ్రటి పొడుగు దిండు. వెన్ను కింద పొడుగ్గా పెట్టుకుని పడుకుంటే ఛాతీ విచ్చుకుంటుంది, భుజాలు రెండు పక్కలకూ వాటి బరువుకి అవే దిగుతాయి. రోజంతా ముందుకు వంగి ఉండే నాలాంటి వాళ్లకి అంతకంటే హాయి ఇంకోటి లేదు. మనిషి తల బరువు 4 నుంచి 5 కిలోలు ఉంటుంది. మిషను మీద అది ముందుకు వాలినంతసేపూ మెడ వెనక కండరాలు ఆ బరువును పట్టుకుని లాగుతూనే ఉంటాయి. బోల్‌స్టర్ మీద పది నిమిషాలు పడుకుంటే వాటికి డ్యూటీ దిగినట్టు ఉంటుంది.

ముందు ఇంట్లో ఉన్న బూరుగు దూది దిండ్లు రెండు పెట్టి చూశాను. బూరుగు దూది తేలిక, మెత్తన, తలకు బాగుంటుంది. వీపు కింద పెడితే నొక్కుకుపోయి ఛాతీ లేవదు. స్టూడియోలో వాడేది పత్తి దూది, గట్టిగా దట్టించినది. దాంతో పరుపులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

"9 అంగుళాల మందం, 26 పొడుగు, మూడున్నర కిలోల పత్తి పట్టాలి తాతా."

"ఇదేటి తల్లీ, అంత గట్టిగానా? దీని మీద తలెట్టి ఎవులు పడుకుంటారు?"

"తలకి కాదు, వీపు కిందకి. నా మెడ నొప్పికి."

ఆయన తన నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. యాభై ఏళ్లుగా వంగి దూది దట్టిస్తున్న నడుం అది. "అయితే గట్టిగా కొడతాను" అన్నాడు.

సంచి నేను కుట్టి ఇచ్చాను. లోపలి సంచికి కోరా గుడ్డ, పైకవరుకి కాస్త మందం రంగు కాటన్. కొలతలు ఇవి. వ్యాసం 9 అంటే చుట్టుకొలత 28 అంగుళాల పైన ఒక పావు. కుట్టుకి రెండు వైపులా అర అంగుళం చొప్పున కలిపితే 29 పావు, అంతకు మించి వద్దు. గుడ్డ కొంచెం బిగువుగా ఉంటేనే దూది కదలదు. చివర్లకు గుండ్రటి ముక్కలు రెండు, 10 అంగుళాల వ్యాసంతో. గొట్టాన్ని గుండ్రటి ముక్కకు కుట్టేటప్పుడు తిన్నటి అంచు వంపు తిరగదు, ముడతలు పడుతుంది. చుట్టూ అర అంగుళం ఎడంలో కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టుకుంటే ఒద్దికగా తిరుగుతుంది. చంక దగ్గర చెయ్యి అతికేటప్పుడు చేసే పనే ఇది. లోపలి సంచికి డబుల్ కుట్టు. పైకవరుకి పొడవునా జిప్పు, ఉతకడానికి తీయగలగాలి. ఒక చివర చేత్తో పట్టుకోవడానికి నవారు ముక్కతో పిడి కుట్టాను, ఈ బరువు ఎత్తాలంటే పిడి ఉండాల్సిందే.

పెద్దాయన ఒక చివర తెరిచి ఉంచిన సంచిలో ఏకిన దూది పిడికిలి పిడికిలిగా వేసి, పొడుగు కర్రతో కుక్కాడు. వేయడం, కుక్కడం, దొర్లించడం, మళ్లీ వేయడం. మధ్యలో గుంట పడకుండా అరచేత్తో తట్టి చూసుకుంటూ పోయాడు. చివరికి దాన్ని నేల మీద నిలబెట్టి పైనుంచి మోచేత్తో నొక్కాడు, కుంగలేదు. ఆ పనితనం చూడటానికి నేను షాపు మూసి మరీ కూర్చున్నాను. కూలి అడిగిన దాని కంటే ఎక్కువే ఇచ్చాను, ఆయన లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు.

తుపాను వారం

అక్టోబరు చివర మొంథా తుపాను. క్లాసులు లేవు, కరెంటు వస్తూ పోతూ ఉంది. ఇంట్లోనే బోల్‌స్టర్, ఇటుక, బెల్టు, దుప్పట్లు పెట్టుకుని నాకు గుర్తున్న వరస చేశాను. మా అత్తయ్య మంచం మీద కూర్చుని చూసి, కాళ్లు గోడకు ఆనించి పడుకునేది నేనూ చేస్తానన్నారు. నడుం కింద బోల్‌స్టర్ పెట్టి చేసే విపరీత కరణి అది. ఆవిడకు బీపీ ఉంది కాబట్టి మేడమ్‌కి ఫోన్ చేసి అడిగాను. నడుం ఎత్తవద్దు, వీపు నేలకే ఆనించి కాళ్లు మాత్రం కుర్చీ మీద పెట్టించమన్నారు. మోకాళ్ల వాపు ఉన్న ఆవిడకు ఆ పది నిమిషాలు చాలా బాగున్నాయట. రోజూ అడుగుతున్నారు.

మార్గశిరం: సర్వాంగాసనం

చేరినప్పటి నుంచి మిగతావాళ్లు సర్వాంగాసనం చేస్తుంటే మేడమ్ నన్ను గోడ దగ్గరికి పంపేవారు. నడుం కింద ఇటుక పెట్టుకుని సేతుబంధం. మెడ నొప్పి ఉన్న మనిషిని తొందరపెట్టి భుజాల మీద నిలబెట్టకూడదనేది ఆవిడ పట్టుదల. అడిగినవాళ్లకి కూడా ఒప్పుకునేవారు కాదు. నెలల తరబడి ఒక విద్యార్థిని ఆపగలిగిన టీచరుని నమ్మొచ్చు అని నా అభిప్రాయం.

ఈ నెల పిలిచారు. ముందు దుప్పట్లు. మూడు దుప్పట్లు ఒకే కొలతకు మడిచి ఒకదాని మీద ఒకటి పేర్చాలి. మడత అంచులన్నీ ఒకే గీతలో, భుజాల వైపు ఉండాలి, విడి అంచులు అటువైపు. నేను పేర్చింది చూసి ఆవిడ నవ్వారు. టైలర్ పేర్చిన అంచు కదా, దారం పెట్టి గీసినట్టు ఉంది. భుజాలు దుప్పట్ల మీద, అంచుకి రెండంగుళాల లోపల. తల మాత్రం కింద నేల మీద. ఎందుకు ఈ ఎత్తు అంటే, చదునైన నేల మీద ఒళ్లంతా నిలువుగా లేపితే మెడ దాదాపు సమకోణంలో వంగాలి. భుజాలు ఎత్తులో ఉంటే మెడకు అంత వంపు అక్కర్లేదు, మెడ వెనక ఖాళీ మిగులుతుంది. మోచేతులు పక్కలకు జారిపోకుండా వాటి పైన భుజాల వెడల్పుకి బెల్టు బిగించారు. నా బెల్టే.

ముందు కాళ్లు వెనక ఉన్న కుర్చీ మీద పెట్టి అర్ధ హలాసనం. అక్కడ స్థిరపడ్డాక ఒక్కో కాలు పైకి. మేడమ్ తన మోకాలితో నా వీపును లోపలికి నొక్కి ఉంచారు. "గడ్డాన్ని ఛాతీకి తేవద్దు, ఛాతీని గడ్డం దగ్గరికి తీసుకురా. తల అటూ ఇటూ తిప్పకు. కళ్లు ఛాతీ వైపు." మొదటిసారి నా కుడి భుజం వెనక ఉన్న రెక్క ఎముక ఎక్కడుందో లోపల నుంచి తెలిసింది. ఇన్నేళ్లు అది నొప్పిగానే పరిచయం, అది కదపగలిగిన ఎముక అని తెలియదు. నిమిషం ఉంచి దింపేశారు. దిగాక వెంటనే లేవనివ్వలేదు. మెడలో నొప్పి ఉందా అని రెండుసార్లు అడిగారు. లేదు.

టేపు: ఎడమ 4, కుడి 7.

సంక్రాంతి

రాత్రుళ్లు పని. క్లాసు సగం రోజులే కుదిరింది. కానీ షాపులో మూడు మార్పులు చేశాను. కటింగ్ టేబుల్ కాళ్ల కింద చెక్కలు పెట్టి నా మోచేతి ఎత్తుకి లేపాను. మిషను కుర్చీ మీద దుప్పటి మడత వేసి దాని అంచున కూర్చుంటున్నాను. కుట్టడానికి వచ్చిన అమ్మాయిలిద్దరికీ అలాగే వేశాను. బాబిన్ మార్చిన ప్రతిసారీ భుజాలు వెనక్కి దింపి ఒకసారి తల ఎత్తడం కూడా అలవాటు చేశాను. పెళ్లిళ్ల సీజను, పండగ సీజను రెండూ నొప్పి మాత్ర జోలికి వెళ్లకుండానే గడిచాయి.

రథసప్తమి, 2026 జనవరి 25

స్టూడియోలో ఈ రోజు సూర్యనమస్కారాలు. మా ఉత్తరాంధ్ర వాళ్లకి రథసప్తమి అంటే అరసవల్లి. పుట్టింటి వాళ్లు తెల్లవారుజామునే దర్శనానికి వెళ్లారు, నేను హాలుకి వెళ్లాను. వరసగా గెంతుతూ చేసే ఈ సూర్యనమస్కారాలను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజా భవాన్‌రావు పంత్ ప్రతినిధి బాగా ప్రచారంలోకి తెచ్చారని మేడమ్ చెప్పారు. తన సంస్థానం బడుల్లో పిల్లలందరి చేతా చేయించారట. వినడానికి బాగుంది, మా అమ్మాయికి చెప్పాలి.

కుర్రవాళ్లు 108 పెట్టుకున్నారు. నన్ను మాత్రం అరచేతుల కింద ఇటుకలు పెట్టి నెమ్మదిగా 12 చేయమన్నారు. చేతులు, పాదాలు కింద ఆనించి నడుం పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో ఇటుకల ఎత్తు వల్ల భుజాల మీద బరువు తగ్గి, వెన్ను పొడుగ్గా సాగింది. పన్నెండోది అయ్యాక మెడ కుడివైపు తిప్పాను. గోడకున్న తాళ్లన్నీ కనిపించాయి, చివరి కొక్కెం దాకా.

టేపు: ఎడమ 3, కుడి 5. ఇంకా కలవలేదు. కలిసి తీరాలని పంతం లేదు, రెండు వైపుల మధ్య తేడా 5 అంగుళాల నుంచి 2కి వచ్చింది, నాకు కావలసింది అదే.

ఇప్పుడు చేతిలో ఉన్న పని

స్టూడియో బోల్‌స్టర్ కవర్లన్నీ వెలిసిపోయాయి, కొత్తవి కుట్టిమ్మని మేడమ్ అడిగారు. ఫీజులో తగ్గిస్తానన్నారు, వద్దన్నాను, గుడ్డ ఖర్చు మాత్రం తీసుకుంటాను. బ్యాచిలో నలుగురు బెల్టులు కావాలన్నారు. నవారు చుట్ట మొత్తం కొనేశాను.

వీటన్నిటి కంటే ముందు అత్తయ్య బోల్‌స్టర్. ఆవిడ పొట్టి మనిషి, నాది ఆవిడకు ఎత్తు ఎక్కువ, వీపు కింద పెడితే తల వెనక్కి వేలాడుతోంది. 7 అంగుళాల వ్యాసం సరిపోతుందని మేడమ్ అన్నారు. చుట్టుకొలత 22, కుట్టుకి ఒకటి కలిపి 23 అంగుళాల గుడ్డ, చివర్లకు 8 అంగుళాల గుండ్రటి ముక్కలు రెండు. రంగు ఆవిడే ఎంచుకున్నారు, చిలకపచ్చ. రేపు దూది తూకానికి తాత దగ్గరికి వెళ్లాలి.